నలభై నాలుగు గుండ్లు

మా బాపమ్మ పోయి ఏడాది తిరిగింది. బాపమ్మ అంటే మా నాన్నను, మా బాపును కన్నతల్లి. పోయిన నెలలో ఒక పొద్దున అమ్మా, చిన్నమ్మా, నేనూ ఆమె బంగారు గుండ్ల దండ పట్టుకొని ఆటోలో హనుమకొండ బయలుదేరాం. సుబేదారిలో బంగారానికి విలువ కట్టే వీరాచారి గారు ఉంటారు, ఆయన దగ్గరికి. దండ ఎవరి ఒడిలో ఉండాలనే దాని మీద సగం దారి గడిచింది. చివరికి నా ఒడిలో పెట్టారు. నేను పెళ్లి చేసుకొని వేరే ఇంటికి పోయినదాన్ని కాబట్టి నాకు దాని మీద ఆశ ఉండదట. ఆశ ఉందో లేదో నన్నెవరూ అడగలేదు. వీరాచారి గారు ముసలాయన అయిపోయాడు గాని మెట్లు అవే, చాప అదే, అద్దాల పెట్టెలో తరాజు అదే. దండను చూడగానే గుర్తుపట్టాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. "గీ దండ ఒకసారి నా దగ్గరికొచ్చింది. గప్పుడు దీనెంబడి ఒక పిల్ల వచ్చింది. ఒక్క గడియ నోరు మూసుకోలే" అన్నాడు. "ఆ పిల్లను నేనేనండి" అన్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను ఒకసారి చూసి, "కూసోండ్రి" అన్నాడు. ఆయన ఒక్కో గుండునూ రాయి మీద గీసి చూసేదాకా మాకు పని లేదు. అమ్మ గోడ మీది క్యాలెండరు చూస్తోంది. చిన్నమ్మ ఆయన వేళ్లను చూస్తోంది. నేను మాత్రం మొదటిసారి వచ్చిన రోజుకు వెళ్లిపోయాను.

అప్పుడు నేను ఏడో తరగతి. అదే నా ఆఖరి తరగతి కూడా. మాది వరంగల్లో నేతపని వాళ్ల వాడ. మా ఇంట్లో రెండు మగ్గాలు, ఒక దాని మీద బాపు, ఇంకోదాని మీద బాపు తమ్ముడు చిన్నబాపు జంపఖానాలు నేసేవాళ్లు. పొద్దున లేస్తే నూలుకు పట్టించే గంజి వాసన. దానికి అలవాటుపడిన ముక్కుకు వేరే ఇళ్లలో ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది, నాకు ఇప్పటికీ అంతే. ఎండ రాకముందే వీధి పొడుగునా కర్రల మీద పడుగు నూలు పరిచేవాళ్లు. బడికి పోవాలంటే దాని కింద వంగి పోవాలి. పాలాయన సైకిల్ దిగి, డబ్బా చేత్తో పట్టుకొని, అతనూ వంగి వచ్చేవాడు. మున్సిపాలిటీ ఎలక్షన్లకు ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనుషులు కూడా వంగే వచ్చారు, వంగే పోయారు. ఆ సంగతి మా వాడవాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు.

బాపమ్మ పని లెక్కపెట్టడం. చూపు తగ్గినా వేళ్ల కొసలతో పోగులు లెక్కపెట్టేది. పడుగులో ఒక్క పోగు తక్కువైతే జంపఖానా ఆ చివరిదాకా సన్న గీత పడుతుంది, దాన్ని ఎవరూ కొనరు. అందుకని లెక్క సరిపోతే లోకమంతా సరిగ్గా ఉన్నట్టే అని ఆమె నమ్మకం. ఎండబెట్టిన మిరపకాయలు లెక్కపెట్టేది. నూలు కండెలు లెక్కపెట్టేది. సందులో అరుగు మీద కూర్చొని, బడి నుంచి వచ్చే మమ్మల్ని కూడా లెక్కపెట్టేది. అందులో పక్కింటి పిల్ల ఒకటి కలిసి ఉన్నా, మా ఇంటి పిల్ల ఒకటి తగ్గినా ఆమెకు ఫికర్ లేదు, మొత్తం సరిపోవాలి, అంతే. ఒకసారి మా తమ్ముడు చింతచెట్టు మీదే ఉండిపోతే, వాడి బదులు పక్కింటి పిల్లవాడికి జొన్నరొట్టె పెట్టి పడుకోబెట్టింది.

గుండ్ల దండ ఆమె అత్త మెడలోంచి ఆమె మెడలోకి వచ్చింది. శనగగింజంత బంగారు గుండ్లు, లోపల బోలు, ఆ బోలు నిండా లక్క, ఎర్రని పట్టుదారానికి గుచ్చి ఉంటాయి. నలభై నాలుగు. వాడలో అలాంటి దండ అదొక్కటే. అందుకని ఏ ఇంట్లో ఆడపిల్ల పెళ్లయినా పెళ్లినాడు ఆ దండే మెడలో ఉండేది. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. పెళ్లి ముందురోజు సాయంత్రం పిల్ల తల్లి పసుపు కుంకుమ పట్టుకొని వచ్చేది. బాపమ్మ చేటలో కొత్త రవికెగుడ్డ పరిచి, దండ పెట్టి, వాళ్ల ముందరే గట్టిగా ఒకటి, రెండు అని నలభై నాలుగు దాకా లెక్కపెట్టి ఇచ్చేది. పెళ్లి అయిన మర్నాడు దీపాలు పెట్టకముందే తెచ్చివ్వాలి. రెండు ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం ముక్కతో వచ్చేది దండ. మళ్లీ చేట, మళ్లీ లెక్క. నలభై నాలుగు. ఆ కుడుకలు మాకు పంచేది, అవి కూడా లెక్కపెట్టి. మా వాడలో ఏ ఇంటి గోడ మీద పెళ్లి ఫోటో చూసినా మొహాలు వేరు గాని మెడ ఒకటే.

ఇంతలో బాపూ చిన్నబాపూ వేరుపడదామనుకున్నారు. కొట్లాట ఏమీ లేదు, రెండు పొయ్యిలైతే ఇద్దరు ఆడవాళ్లు ఒకరి కూర ఒకరు రుచి చూసి మొహం చిట్లించే పని ఉండదని. గిన్నెలు పంచుకున్నారు, మగ్గాలు ఎలాగూ ఎవరివి వాళ్లవే. చివరికి దండ మిగిలింది. బాపమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "ఇందుల సోచాయించేదేమున్నదే? పెద్దదానికి ఇరవై రెండు, చిన్నదానికి ఇరవై రెండు."

చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. వాళ్లది వ్యవసాయం. పత్తి ఎప్పుడూ తూకం వేయడమే గాని లెక్కపెట్టడం తెలియని ఇల్లు. "అత్తమ్మా, లెక్కల ఏమున్నదే? ఒకటి లావుంటది, ఒకటి సన్నగుంటది. తూకం ఏపిచ్చి పంచుండ్రి" అంది.

"నా అత్త లెక్కవెట్టే ఇచ్చింది నాకు" అంది బాపమ్మ.

"మీ అత్తకు ఒక్కతే కోడలు" అంది చిన్నమ్మ.

అదైతే నిజమే. బాపమ్మ రెండు రోజులు చిన్నమ్మతో మాట్లాడలేదు. మూడోనాడు తెలిసిన కంసాలి అయితే ఏదో ఒకటి చెబుతాడు, బ్యాంకుకు బంగారం చూసే పెద్దాయనైతే ఎవరి ముఖం చూడడు అని బాపు చెప్పగా ఒప్పుకుంది. దండ రవికె లోపల వేసుకొని, పైన కొంగు రెండు వరసలు చుట్టుకొని, వరంగల్ నుంచి హనుమకొండ దాకా బస్సులో మెడ తిప్పకుండా కూర్చుంది. కండక్టరు "అవ్వకు మెడ పట్టిందా" అని అడిగి మరీ సీటు ఇప్పించాడు. ఆమెకు చదువు రాదు కాబట్టి రాసింది చదవడానికి నన్ను తీసుకెళ్లారు. అమ్మ, చిన్నమ్మ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఇద్దరూ వచ్చారు.

వీరాచారి గారు ముందు కాళ్లు చేతులు కడుక్కున్నాడు. తర్వాత తెల్లగుడ్డ పరిచాడు. నల్లటి గీటురాయి, చిన్న సీసాలో తేజాబు అనే యాసిడు, గాజుపుల్ల, ఒక కన్నుకు పెట్టుకునే భూతద్దం, అన్నీ వరసగా పెట్టుకున్నాడు. ముడి విప్పి గుండ్లన్నీ దారం నుంచి తీశాడు. బాపమ్మ గుండ్లు దారం లేకుండా చూడటం అదే మొదటిసారి కావచ్చు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గుండు తీసి రాయి మీద సన్నగా గీస్తాడు, గీత మీద తేజాబు చుక్క పెడతాడు, గీత నిలిస్తే కుడిపక్క పెడతాడు. నేను ఊరుకోకుండా అన్నీ అడుగుతున్నాను. లక్క ఎందుకు? లక్క లేకుంటే నలిగిపోతది. లక్క బరువు కూడా బంగారం కిందికే వస్తుందా? రాదు, తీసేసి కట్టాలె. ఎట్లా తీసేస్తారు? "అలవాటు మీద, బిడ్డా. జర గా గోడదిక్కు కూసో."

ఎడమపక్క ఒక గుండు పెట్టాడు. కాసేపటికి ఇంకోటి. ఇంకోటి. మొత్తం నాలుగు. నేను గోడవైపు నుంచి కూడా చూశాను.

"అవ్వా, గీ దండ ఎవరికన్న ఇస్తరా?" అని అడిగాడు.

"వాడల పెండ్లి పిల్లలందరికి ఇస్త."

"తీస్కునేటప్పుడు చూసుకుంటరా?"

"లెక్కవెట్టి తీస్కుంట. ఒక్కనాడు ఒక్కటన్న తగ్గలే. నలుపై నాలుగు."

"లెక్క సరిగ్గనే ఉన్నదవ్వా. నలుపై బంగారంవి. నాలుగు రాగివి. మీద పూత పూసిండ్రు."

బాపమ్మ గుండ్లను ఆయన వైపు జరిపింది. "మల్లొకసారి లెక్కవెట్టుండ్రి" అంది.

ఆయన పాపం మళ్లీ లెక్కపెట్టాడు. నలభై నాలుగే వచ్చాయి. అప్పుడు నన్ను పిలిచి భూతద్దం నా కంటికి పెట్టాడు. "ఇగో, దారం పోయే కన్నం అంచు చూడు. అక్కడ పూత అరిగిపోతది. పచ్చగున్నదా, బంగారం. ఎర్రగ కనవడ్తాందా, రాగి." చూశాను. ఒకసారి చూశాక భూతద్దం లేకుండా కూడా కనిపించడం మొదలుపెట్టింది. ఆయన ఒక కాగితం మీద నలభై గుండ్ల బరువు, లక్క తీసేసిన బరువు, విలువ రాశాడు. కింద నాలుగు గుండ్లు అని రాసి, ఎదురుగా "విలువ లేదు" అని రాశాడు. నేను గట్టిగా చదివాను. బాపమ్మ "గట్ల రాయమని ఎవలు చెప్పిండ్రు ఆయనకు" అంది, నాతో.

బస్సులో చిన్నమ్మ మొదలుపెట్టింది. "దండ పెట్టె తాళంచెయ్యి ఎవలకాడుంటది? నాకాడైతె లేదు."

"నీ పెండ్లిల నువ్వేసుకోలేదా? రెండు దినాలు ఇప్పలేదు గదనే" అంది అమ్మ.

"అక్కా, నేను దొంగనా?"

"నేనన్ననా? నువ్వే అనుకుంటానవ్."

బాపమ్మ మధ్యలో కూర్చొని కిటికీలోంచి చూస్తోంది. "ముప్పై పెండ్లిళ్లు" అంది. దిగేముందు చెప్పింది. నాలుగు బంగారు గుండ్లు తిరిగి వచ్చేదాకా దండ పంచేది లేదు. వచ్చే బేస్తవారం వాడలో సరోజన పెండ్లి ఉంది, దండ ఎప్పటిలాగే పోతుంది. ఇయ్యకపోతే వాడంతటినీ దొంగలన్నట్టే. ఈ సంగతి నలుగురి మధ్యనే ఉండాలి. బయటికి పోయిందంటే ముప్పైమంది ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, ముప్పై ఇళ్లల్లో మొగవాళ్లు అడగకూడని మాట అడుగుతారు. ఇదంతా చెప్పి ముగ్గురూ కలిసి నావైపు చూశారు. ఇంట్లో నా పేరు రేడియో. "దీని నోరు కుట్టుడెట్ల" అని చిన్నమ్మ అంది. ఆ రోజంతా అమ్మా చిన్నమ్మా కలిసింది ఆ ఒక్క మాట మీదే.

మూడు రోజులు చెప్పలేదు. నా మట్టుకు అది చాలా ఎక్కువ. కడుపు ఉబ్బినట్టయింది, అన్నం సయించలేదు, అమ్మ వాము కూడా పెట్టింది. నాలుగోనాడు పొద్దున నల్లా దగ్గర బిందె వరసలో నా వెనక విమల నిలబడింది. విమల నా దోస్తు, ఆ పెళ్లికూతురు సరోజనకు సొంత చెల్లెలు. చెప్పకూడని మనిషి వాడలో ఎవరైనా ఉందంటే అది విమలే. "మీరంత హనుమకొండ ఎందుకు పోయిండ్రే" అని అడిగింది. బిందె నిండే లోపల అంతా చెప్పేశాను, తేజాబుతో సహా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. విమల వాళ్ల అమ్మ మీద ఒట్టు వేసి, నేరుగా వాళ్ల అమ్మ దగ్గరికి పోయింది.

మధ్యాహ్నానికి వాడలో మగ్గాల చప్పుడు తగ్గింది. ఆడవాళ్లు గడపల్లో నిలబడి ఉన్నారు, నేను వస్తుంటే మాట ఆపుతున్నారు. బాపమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. నేను మంచం కింద దూరి పడుకున్నాను. బుధవారం సాయంత్రం సరోజన తల్లి కనకవ్వ రావాలి. ఆమె రాకపోతే అయిపోయినట్టే. మాకు మీ దండ వద్దు అని ఒక ఇల్లు అన్నదంటే తర్వాత ఇల్లూ అంటుంది, బాపమ్మ ఇంక ఆ వాడలో అరుగు మీద కూర్చోలేదు. బాపమ్మ చేట తుడిచి పెట్టుకొని కూర్చుంది. వచ్చే వేళ దాటింది. చేట మళ్లీ తుడిచింది. మంచం కింద నుంచి నాకు ఆమె కాళ్లే కనిపిస్తున్నాయి, బొటనవేలు కదులుతోంది.

కనకవ్వ వచ్చింది. "ఆలస్యమైందత్తా, వంటాయన సామాను లిస్టు మార్చిండు" అంది. పసుపు కుంకుమ ఇచ్చింది. బాపమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వాకిట్లో ఎప్పుడూ లేనంత మంది ఆడవాళ్లు నిలబడ్డారు, పెళ్లి పనికి పిలవడానికి వచ్చామని ఒకరు, చేట అడగడానికి వచ్చామని ఒకరు. "నలుపై నాలుగు" అంది బాపమ్మ. "నలుపై నాలుగత్తా" అంది కనకవ్వ. ఒక్కరూ తల ఎత్తలేదు.

పెళ్లి మర్నాడు దండ కుడుకలతో తిరిగివచ్చింది. లెక్క అయ్యాక, జనం పోయాక, బాపమ్మ నన్ను పిలిచి వెలుతురులో నిలబెట్టింది. "ఎర్రయి చూడు." గుండ్లను దారం మీద జరుపుకుంటూ కన్నాలన్నీ చూశాను. ఒకటి, రెండు, మూడు. మళ్లీ చూశాను. మూడే.

"మూడే ఉన్నయి బాపమ్మా."

"సరిగ్గ చూడు."

"సరిగ్గనే చూసిన. ఒకటి బంగారమైంది."

బాపమ్మ దండ తీసుకొని ముడి తడిమింది. గుండు మార్చాలంటే ముడి విప్పి మళ్లీ వేయాలి. కాని ఏం లాభం, మా వాడలో పోగు తెగితే అందరూ వేసేది ఒకటే ముడి, పుట్టిన పిల్లకు కూడా అదే వస్తుంది. పెళ్లికూతురు గదిలో ఆ రోజు వాడ ఆడవాళ్లంతా తిరిగారు. కనకవ్వ కావచ్చు, ఇంకొకరు కావచ్చు. "ఎవలకు చెప్పినవే?" అంది బాపమ్మ.

ఇంక దాచి లాభం లేదు. "విమలకు. ఒక్కదానికే."

తంతుందనుకొని మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. బాపమ్మ లేచి, డబ్బాలోంచి గుప్పెడు పుట్నాలు తెచ్చి నా చేతిలో పోసింది. అవి మాత్రం లెక్కపెట్టలేదు. "ఇంక మూడున్నయి" అంది. "రేపు నల్లకాడికి పో."

పోయాను. తర్వాతి మాఘమాసంలో ఇంకో పెళ్లికి రెండోది వచ్చింది. మూడోది రావడానికి నాలుగేళ్లు పట్టింది, ఆ ఇంటావిడ ఎవరో ఆ నాలుగేళ్లు ఎట్లా కూడబెట్టుకుందో, ఏ కూరలో నూనె తగ్గించిందో. బాపమ్మ ఏ ఒక్కసారీ ఎవరినీ అనుమానంగా చూడలేదు. లెక్కపెట్టేది, నేను కన్నాలు చూసేదాన్ని, పుట్నాలు ఇచ్చేది. నా పెళ్లికి నేనూ వేసుకున్నాను ఆ దండ. అప్పటికి ఒకటే ఎర్రది ఉంది. ఆ ఒక్కటి రాలేదు. పొయ్యిలు ఎప్పుడో రెండయ్యాయి, దండ మాత్రం బాపమ్మ మాట మీద ఒకటిగానే ఉండిపోయింది. ఆ ఒక్కటి నీదంటే నీదని అమ్మా చిన్నమ్మా ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నారు, పండగ పూట కూడా. ఆ మాట మీదే వాళ్లు రోజూ ఒకరింటికి ఒకరు పోయేవాళ్లు కాబట్టి వేరుపడినట్టే అనిపించేది కాదు.

వీరాచారి గారు భూతద్దం తీసి కళ్లు తుడుచుకున్నాడు. "నలుపై మూడు బంగారం. ఒకటి రాగి. తీసి పక్కన పెట్టాల్నా?" అని అడిగాడు.

"ఉండనియ్యుండ్రి" అన్నారు అమ్మా చిన్నమ్మా ఒకేసారి. అని ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన కాగితం రాసి ఇచ్చాడు. ఈసారి రాగి గుండుకు ఎదురుగా ఏమీ రాయకుండా గీత గీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేనే అన్నాను. బాపమ్మ మంచాన పడ్డప్పటి నుంచి ఆ దండ ఎవరూ అడగలేదు. ఇప్పుడు వాడలో సగం ఇళ్లల్లో పవర్‌లూములు, మాట వినపడదు. పడుగు వీధిలో పరచరు, ఎవరూ వంగరు. పెళ్లికి హనుమకొండ షాపుల్లో గిల్టు సెట్టు కిరాయికి తెస్తారు, నడుముకు కూడా వస్తుంది. మొత్తం రాగే, అందరికీ తెలుసు, ఎవరికీ బాధ లేదు, ఫోటోలో బాగా పడుతుంది. మంచిదే. కాని ఆ నాలుగో గుండు ఎవరి దగ్గర ఉందో ఆమె సంగతి ఏమిటి? పాపం ఆమె ఈపాటికి కొనే పెట్టుకొని ఉండవచ్చు. ఇంటికి వచ్చి చేతిలో పెట్టి "నేనే" అనలేదు కదా. దండ ఆమె ఇంటికి పోతేనే అది తిరిగి వచ్చేది. దండే పోవడం మానేసింది. చిన్నమ్మ "అయితె మనమే తీస్కపోవాలె" అంది. అమ్మ "ఊ" అంది.

మొన్న బుధవారం రాజవ్వ మనవరాలి పెళ్లని తెలిసి నేనే తీసుకెళ్లాను. రాజవ్వ బాపమ్మ ఈడుది, ఆ వాడలోనే ముసలిదైంది. పెళ్లికూతురు దండ చూసి నవ్వింది. "అక్కా, గిదెవలేసుకుంటరే? నాకు రాళ్ల సెట్టు తెచ్చిండ్రు. గిది మీ బాపమ్మ ఫోటోల ఉండేది గదా."

"ఏసుకోకున్న మంచిదే. ఇంట్ల ఉండనీ" అన్నాను.

పిల్ల అద్దం ముందుకు పోయింది. రాజవ్వ మూల నుంచి లేచి వచ్చి, రెండు చేతులూ కొంగుకు తుడుచుకొని, దండ తీసుకుంది. వెలుతురు వైపు పట్టుకొని, గుండ్లను దారం మీద ఒక్కొక్కటే జరుపుకుంటూ కన్నాలు చూసింది. నేను కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాను.

"మల్ల ఎప్పుడియ్యాలె బిడ్డా?" అంది.

"తొందరేం లేదవ్వా. నీకు ఎప్పుడు వీలైతె గప్పుడు."

రాజవ్వ లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను చెప్పులేసుకొని వచ్చేశాను.